కొత్త కంప్యూటర్ అడిగిన ప్రశ్నలు

మూడో అంతస్తు, వీధివైపు గది

పిడుగుకి,

చేత్తో ఉత్తరం రాసిందేమిటి మా వదిన, ఏ కాలంలో ఉందని నవ్వుకుంటూ ఉంటావు. నవ్వుకో. నాకూ నవ్వుగానే ఉంది. అక్షరాలన్నీ గాలివాటున వాలిపోతున్నాయి.

సంగతేమిటంటే, మీ అన్నయ్య నాకు కంప్యూటర్ కొన్నారు. పెళ్ళికి ముందు నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్నని నీకు తెలుసుగా. ఆ ప్రెస్సు పెద్దావిడ మళ్ళీ కబురు పంపింది. పుస్తకాల పేజీలు కంప్యూటర్‌కి పంపుతుందట, ఇంట్లో కూర్చుని తప్పులు దిద్ది పంపితే చాలట. మీ అన్నయ్యని అడగడానికి వారం రోజులు నోరు రాలేదు. తీరా అడిగితే ఒక్క మాట కూడా కాదనలేదు. పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, "నీకు బయటికెళ్ళే పనేముంది, కావలసినవన్నీ ఇందులోనే ఉంటాయి" అన్నారు.

పెట్టె విప్పిందీ, తీగలు కలిపిందీ, మొదటిసారి ఆన్ చేసిందీ ఆయనే. నేను పక్కన స్టూలు మీద కూర్చుని చూశాను. అమ్మో, దానికెన్ని సందేహాలో. అద్దెకు దిగేవాళ్ళని ఇంటి ఓనరు అడిగినట్టు ఒకటే ఆరాలు. పేరేమిటి, ఎప్పుడు పుట్టావు, నీ గొంతు వినమంటావా, నువ్వెక్కడున్నావో చూడమంటావా, నీకు ఇష్టమైనవి గుర్తుపెట్టుకోమంటావా. అన్నిటికీ ఆయనే సరే సరే అని నొక్కుకుంటూ పోయారు. అదయ్యాక తెర మీద బొమ్మలు వరసగా వచ్చి కూర్చున్నాయి. ఎవరూ అడక్కుండానే కంపెనీవాళ్ళు లోపల పెట్టి పంపే యాప్‌లట. వాతావరణం చెప్పేదొకటి, పాటలదొకటి, ఫోటోలు దాచేదొకటి, 'కుటుంబం' అని ఇంకొకటి. వీటిలో ఏవి ఉంచుకోవాలో, ఏవి పారెయ్యాలో నువ్వే చెప్పాలి. నీ పని అదే కదా. ఒకటి రెండు నేనే తీసెయ్యబోతే 'పెద్దవాళ్ళని అడుగు' అంటోంది. ముప్ఫై ఆరేళ్ళు వచ్చాయి, ఇంకెంత పెద్దదాన్ని కావాలో.

నీ కాలినొప్పి తగ్గిందా? మీ అన్నయ్య చెప్పారు.

జవాబు ఉత్తరంలోనే రాయి. ఫోన్ చెయ్యకు. ఎందుకో తర్వాత చెప్తాను.

వదిన

* * *

కంప్యూటర్ల కొట్టు, వెనక గది

వదినా,

నీ ఉత్తరం కొట్టులో అందరూ తలా ఒకసారి పట్టుకుని చూశారు. స్టాంపు అంటించిన కవరు చూసి మా ఓనరు కోర్టు నోటీసేమో అనుకున్నాడు. ఫోన్ ఎందుకు వద్దో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదని తెలిసే ఊరించావు.

ఇక నీ కంప్యూటర్ సంగతి. రోజంతా నా పని ఇదే. కొన్నవాళ్ళ ముందు పెట్టె విప్పడం, మొదటి లాగిన్ చేయించడం, ముందే ఎక్కించిన యాప్‌లలో చెత్త ఏరి పారెయ్యడం. అందరికీ ఒకటే చెప్తాను. మొదటి తెర మీద ఎవరి పేరు రాస్తే ఇల్లు వాళ్ళది, మిగతావాళ్ళు అందులో కాపురం చేస్తారంతే. అందుకే ఎంత తొందరున్నా మొదటి లాగిన్ ఎవరిది వాళ్ళే చేసుకోవాలంటాను. వాతావరణం తీసెయ్, కిటికీ ఉంది కదా. పాటలు ఉంచుకో. 'కుటుంబం' అన్నది పిల్లలు ఉన్న ఇళ్ళ కోసం. పిల్లలు ఏం చూస్తున్నారో, ఎంతసేపు కూర్చున్నారో తల్లిదండ్రులకి చెప్తుంది. అన్నయ్యకి కంప్యూటర్లంటే అంతంతమాత్రం. సరే సరే అని నొక్కుతూ నిన్ను పిల్లల జాబితాలో పడేసి ఉంటాడు. నీ పుట్టిన తేదీ ఏమని రాశాడో ఒకసారి చూడు.

కోప్పడకు పాపం. అలాంటి మనిషి దొరకాలంటే పెట్టి పుట్టాలి. నా కాలినొప్పి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు తెలుసా. రెండో రోజే ఫోన్ చేసి "కాలెలా ఉంది" అన్నాడు. ఎలా తెలుసంటే "నా చెల్లెలి సంగతి నాకు తెలీదా" అన్నాడు. అమ్మానాన్నా పోయాక నన్ను పెంచింది అన్నయ్యే. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కంప్యూటర్ కొనిచ్చింది కూడా తనే, అన్నీ సిద్ధం చేసి మరీ. ఊరందరివీ సర్దేదాన్ని, నాది మాత్రం మా అన్నయ్య సర్దిపెట్టాడని కొట్టులో ఇప్పటికీ గొప్పలు పోతుంటాను.

నీ పిడుగు

* * *

మూడో అంతస్తు

పిడుగుకి,

ఇకమీదట ఉత్తరాలు మా ఇంటికి రాయకు. కింద అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ పేరున రాయి. ఆవిడ మడతపెట్టిన దిండు గలీబుల్లో పెట్టి పైకి తెచ్చిస్తుంది.

నీ ఉత్తరం నాకన్నా ముందు మీ అన్నయ్య చదివారు. చదివి నవ్వుకున్నారు. నా చేతికిచ్చి "పొరపాటు కాదులే" అన్నారు.

పుట్టిన తేదీ చూశాను. ఆ లెక్కన నాకు తొమ్మిదేళ్ళు.

కంప్యూటర్ పొద్దున కాసేపు పనిచేస్తుంది, మళ్ళీ సాయంత్రం ఆయన వచ్చాక. మధ్యలో పేజీ సగంలో ఉండగానే 'ఈ పూటకి చాలు' అని తెర మూసుకుపోతుంది. కింద 'అడుగు' అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే ఆఫీసులో ఉన్న ఆయనకి తెలుస్తుంది. ఆయన సరేనంటే ఇంకాసేపు. ఒక్కోసారి అనరు. పనిలో ఉన్నానంటారు. నేను మూసుకున్న తెర ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. దిద్దాల్సిన వాక్యం మాత్రం బుర్రలో తిరుగుతూనే ఉంటుంది.

నేను దిద్దే నవల్లో విడాకుల సంగతి వస్తుంది. ఆ చట్టం పేరు సరిగ్గా వేశారో లేదో చూద్దామని వెతికాను. ఆ సాయంత్రం ఆయన భోజనం దగ్గర మాట్లాడలేదు. ఆ వారమంతా మాట్లాడలేదు. తర్వాత ఎప్పుడో "నీకేం తక్కువ చేశాను" అన్నారు. నవల్లో ఉందండీ అని పేజీ చూపించాను. చూడలేదు. నా ఫోన్ కంప్యూటర్ కొన్న రోజే తీసుకున్నారు, నిన్ను ఫోన్ చెయ్యొద్దన్నది అందుకే. ఇంటికి ఒక ఫోన్ చాలట, అది ఆయన జేబులో ఉంటుంది.

కొట్టే మనిషైతే దెబ్బ చూపించవచ్చు. తిట్టే మనిషైతే ఆ తిట్టు నీకు అప్పచెప్పేదాన్ని. ఈయన ఏం చేసినా నా మంచికే. ఎవరితో ఏమని చెప్పుకోను? ఆయన నీ అన్నయ్య, నీతో అసలే చెప్పకూడదు. కానీ ఈ యంత్రం సంగతి తెలిసినవాళ్ళు నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. దీనిలో నుంచి నన్ను పెద్దదాన్ని చేసే దారి ఉంటే చెప్పు. ఈ పని పోతే నేను మళ్ళీ ఏ పనికీ నోరు తెరవలేను. నాకు తెలుసు.

వదిన

* * *

కొట్టు

వదినా,

అన్నయ్య గురించి అలా రాయడం నాకు నచ్చలేదు. నచ్చలేదని మొహమాటం లేకుండా చెప్తున్నాను. అన్నయ్యకి కాస్త భయం ఎక్కువ. నన్ను పెంచినప్పుడూ అంతే. ప్రేమ ఎక్కువైనవాళ్ళు కొంచెం చాదస్తంగానే ఉంటారు. నువ్వు గోరంతలు కొండంతలు చేస్తున్నావేమో ఒకసారి ఆలోచించుకో.

అయినా అడిగావు కాబట్టి చెప్తాను. పిల్లల ఖాతాని పెద్దల ఖాతాగా మార్చాలంటే మొదటి పేరు ఎవరిదో వాళ్ళే ఒప్పుకోవాలి. వేరే దారి ఉందేమో ఇవాళ ఇంటికెళ్ళి నా కంప్యూటర్లో వెతికి రాస్తాను. కొట్టులో తీరిక లేదు.

మరదలు

* * *

నా గది

వదినా,

మొన్నటి ఉత్తరం చింపెయ్. నా మొహం చూడకుండా చింపెయ్.

ఆ రోజు ఇంటికొచ్చి వెతికాను. మర్నాడు నేను కొట్టు తెరుస్తుంటే అన్నయ్య ఫోన్. కాలు బావుందా, తిన్నావా, అన్నీ అడిగాడు. చివర్లో మెత్తగా, "పిల్లల ఖాతాని పెద్దలదిగా మార్చడం ఎలా అని వెతుకుతున్నావు, ఎవరి కోసమమ్మా" అన్నాడు. కొట్టుకొచ్చినవాళ్ళ కోసం అన్నాను. "ఓహో" అన్నాడు. అంతే.

ఫోన్ పెట్టేశాక షట్టరు సగంలో వదిలేసి అక్కడే నిలబడిపోయాను. సాయంత్రం ఇంటికొచ్చి నా కంప్యూటర్లో 'కుటుంబం' తెరిచాను. ఇన్నేళ్ళుగా దాన్ని ఒక్కసారీ తెరవలేదు. వచ్చినవాళ్ళందరికీ ముందు దాన్ని తెరిచి చూపిస్తాను. నాది మాత్రం అన్నయ్య సర్దాడు కదా, ఇంక చూసేదేముంది అనుకున్నాను. పైన అన్నయ్య పేరు ఉంది. కింద రెండు పేర్లు. నీకు తొమ్మిదేళ్ళు, నాకు పదకొండు. వరసకి వదినవి కానీ ఈ లెక్కన వయసులో నీకంటే నేనే పెద్దదాన్ని. నవ్వు రావడం లేదు.

కాలినొప్పికి ఏ మాత్ర వేసుకోవాలని నేను వెతికినది ఉంది. కొట్టులో పనిచేసే అమ్మాయితో సినిమాకెళ్ళడానికి ఆట ఎన్నింటికో చూసుకున్నది ఉంది. అమ్మ గొంతు మరిచిపోతున్నానని ఎవరికీ చెప్పుకోలేక ఒక రాత్రి టైపు చేసి చెరిపేసుకున్న మాటలూ ఉన్నాయి. ఆ మర్నాడు అన్నయ్య ఫోన్ చేసి అమ్మ కబుర్లు చెప్పాడు. నా మనసు తెలిసి చేశాడని ఆ రోజంతా ఎంత సంతోషపడ్డానో. ఇప్పుడు ఆ సంతోషాన్ని ఏం చెయ్యాలో తెలియడం లేదు వదినా.

నేను వెతికినందువల్ల నీకేం జరిగిందో ఒక్క ముక్క రాయి. ఆ యంత్రాన్ని మాత్రం ముట్టుకోకు.

పిడుగు

* * *

మూడో అంతస్తు

పిడుగుకి,

ఏడవకు. నువ్వు ఏడుస్తూ రాసినట్టు కాగితమే చెప్తోంది.

ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. ఆఫీసుకి సెలవు పెట్టారు. వీధి తలుపు పక్కన కుర్చీ వేసుకుని అక్కడే పేపరు చదువుతున్నారు, అక్కడే టీ తాగుతున్నారు. గదిలో నుంచి హాల్లోకి వస్తే తలెత్తి చూస్తారు. గుమ్మం దాకా వెళ్తే "ఎక్కడికి?" అంటారు. ఎంత మెత్తగా అడుగుతారంటే, నాకు చెప్పడానికి ఏ చోటూ తోచక నేనే వెనక్కి వచ్చేస్తాను. తాళం లేదు, గడియ లేదు. తలుపు సగం తెరిచే ఉంటుంది. మెట్ల మీద ఎవరో దిగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. నేనే వెళ్ళలేకపోతున్నాను. నా కాళ్ళకి ఏమొచ్చిందో అని వాటినే తిట్టుకుంటున్నాను.

అసలు మాట చెప్తాను. ప్రెస్సుకి ఆయనే రాసేశారు. నా ఖాతా ఆయన చేతిలోనే ఉంది కదా. ఒంట్లో బాగుండటం లేదు, ఈ పని చెయ్యలేను, మన్నించండి అని నా పేరు పెట్టి పంపారు. కుట్టే ఆవిడ ప్రెస్సు వీధికి దారం కొనడానికి వెళ్ళి కనుక్కుని వచ్చింది. ఆ ఉత్తరంలో వరసగా తప్పులున్నాయట. పెద్దావిడ అవి చూసి, "ఇది ఆ పిల్ల రాసింది కాదు, అది కామా కూడా వదలదు" అందట. శుక్రవారం దాకా కుర్చీ ఖాళీగా ఉంచుతాను, తనే వచ్చి చెప్పాలి, రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటాను అని కబురు. వస్తే వెనక గదిలో ఉండవచ్చని కూడా చెప్పిందట. నేను ఏమీ చెప్పకుండానే ఆవిడకి ఎలా తెలిసిందో.

శుక్రవారం వస్తుంది, వెళ్తుంది. ఆయన కుర్చీ తలుపు దగ్గరే ఉంటుంది.

వదిన

* * *

నా గది

వదినా,

ఇది చదవగానే పొయ్యిలో వేసెయ్.

గురువారం పొద్దున తలుపు దగ్గర కుర్చీ ఖాళీ అవుతుంది. బుధవారం నేను నా కంప్యూటర్ ముందు కూర్చుని, పెళ్ళి రిజిస్టర్ చేయించుకోవడానికి ఏమేం కాగితాలు కావాలి, పెద్దవాళ్ళు లేకుండా కుదురుతుందా, సాక్షులు ఎంతమంది ఉండాలి అని వెతుకుతాను. తీరిగ్గా, మళ్ళీ మళ్ళీ. పెళ్ళికొడుకు లేడు, కంగారుపడకు. ఉంటే నీకు చెప్పకుండా ఉంటానా.

అది చూసి అన్నయ్య తెల్లారగట్ల నా దగ్గరికి మొదటి బస్సు ఎక్కుతాడు. నిన్ను వెంట తీసుకురాడు. ఇంటి పరువు పోయే మాటలు నీ ముందు మాట్లాడడు. నీకు ఆ ఒక్క రోజే ఉంటుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోతే కుట్టే ఆవిడని కేకెయ్యి. ఆవిడకి విడిగా రాశాను, చెయ్యి పట్టుకుని దింపుతానంది.

అన్నయ్యకి అబద్ధం చెప్పడం ఇదే మొదలు. చెప్పడం కూడా కాదు, తను దొంగతనంగా చూసేదాంట్లో రాస్తున్నాను.

పిడుగు

* * *

కొట్టు

(ప్రెస్సు చిరునామాకి)

వదినా,

నువ్వు అక్కడికి చేరావని నమ్మి ఆ చిరునామాకే రాస్తున్నాను. చేరకపోతే దీన్ని ఎవరూ తెరవకండి.

అన్నయ్య మధ్యాహ్నానికల్లా వచ్చేశాడు. చొక్కా నలిగిపోయింది, జుట్టంతా దుమ్ము. నేను ఒక పెద్దాయనకి కొత్త కంప్యూటర్ చూపిస్తున్నాను. కౌంటరుకి అవతల నిలబడి "ఎవరతను?" అన్నాడు.

"ఎవరూ లేరన్నయ్యా."

"మరెందుకు వెతికావు?"

"నువ్వు చూస్తావని."

పెద్దాయన మొహం తిప్పుకుని మౌసు ఖరీదు చూస్తున్నట్టు నటించాడు. అన్నయ్యకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "ఫోన్ ఉంది కదా. అడగొచ్చు కదా. నన్ను అడగలేదు, బస్సెక్కావు" అన్నాను.

నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. కౌంటరు మీద చేతులు పెట్టి, "నీకు ఎనిమిదేళ్ళప్పుడు బడి నుంచి రాలేదు, గుర్తుందా" అన్నాడు. "చీకటి పడేదాకా వెతికాను. ఎవరిని అడిగినా తెలీదన్నారు. ఆ రోజు నుంచి ఎవరు కనబడకపోయినా నాకు ఊపిరాడదు."

అది అబద్ధం కాదు వదినా. ఆ రోజు నేను స్నేహితురాలి ఇంట్లో నిద్రపోయాను. అన్నయ్య వచ్చి నన్ను భుజాన వేసుకుని ఇంటికి తీసుకెళ్తూ దారంతా ఏడ్చాడు. అప్పటికి తనూ చిన్నవాడే. నాకు అన్నీ గుర్తున్నాయి. అయినా "ఆ రోజే దొరికాను కదన్నయ్యా. ఇంకా ఎన్నాళ్ళు వెతుకుతావు" అన్నాను.

నా కంప్యూటర్ అక్కడే కౌంటరు మీద పెట్టి మొత్తం తుడిచేసి, మొదటి లాగిన్ నుంచి మొదలుపెట్టాను. తను చూస్తూ నిలబడ్డాడు. 'కుటుంబం' దగ్గరికి వచ్చేసరికి, "నన్ను కూడా వెయ్యి. ఏమీ చూడను, ఊరికే పేరుంటే చాలు" అన్నాడు. ఒక్క క్షణం వేసేద్దామనిపించింది. వెయ్యలేదు.

అప్పుడు అడిగాడు, "ఇది మీ వదిన చెప్పిందా" అని. నేను చెప్పలేదు. నా మొహం చెప్పి ఉంటుంది. పరుగెత్తినట్టు బస్టాండు వైపు వెళ్ళాడు. మంచినీళ్ళు కూడా తాగలేదు.

చేరితే చేరానని రాయి. ఒక్క మాట చాలు.

పిడుగు

* * *

ప్రెస్సు, వెనక గది

పిడుగుకి,

చేరాను.

కుర్చీ ఖాళీ అయ్యాక కూడా నేను బయలుదేరలేదు. గిన్నెలు కడిగాను, కడిగినవే మళ్ళీ కడిగాను. ఎవరూ "ఎక్కడికి" అనకపోతే ఎలా కదలాలో తెలియలేదు. చివరికి కుట్టే ఆవిడ టేపు మెడలో వేసుకునే పైకొచ్చి, "మీ ఆయన ఎక్కిన బస్సు తిరిగి రాదా ఏం, నీకోసం ఆగుతుందా" అని కసిరింది. ఆ కసురే నన్ను మెట్లు దింపింది. నా బట్టల సంచి ఆవిడే మోసింది.

మీ అన్నయ్య మర్నాడే ప్రెస్సుకి వచ్చాడు. లోపలికి రాలేదు. ఎదురుగా పేవ్‌మెంట్ మీద నిలబడ్డాడు. పెద్దావిడ వెళ్ళి మాట్లాడింది. భోజనం వేళకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి రోజు మళ్ళీ వచ్చాడు. ఇవాళ ఇంకా రాలేదు. రాలేదేమా అని కిటికీలోంచి నేనే చూస్తున్నాను. ఈ చూడటం ఎప్పటికి మానుకుంటానో తెలియదు. ఇక్కడ గది చిన్నది. ఇంకు వాసన. యంత్రం తిరుగుతుంటే మంచం కూడా అదురుతుంది. రాత్రి మెలకువ వస్తే అడుగుల చప్పుడుకి చెవి పెట్టుకుని పడుకుంటాను.

ఇవాళ పెద్దావిడ నాకు కొత్త కంప్యూటర్ ఇచ్చింది. పెట్టె కూడా విప్పలేదు. "నీదే, నువ్వే మొదలుపెట్టుకో" అని తన పనికి తను వెళ్ళింది. ఆన్ చేశాను. పేరు అడిగింది, రాశాను. అక్కడిదాకా బానే ఉంది. తర్వాత, నువ్వెక్కడున్నావో చూడమంటావా అని అడిగింది. కింద రెండు మీటలు, సరే ఒకటి, వద్దు ఒకటి.

నేను పక్కకి తిరిగాను పిడుగూ. ఆ రోజు నేను స్టూలు మీద ఉంటే మీ అన్నయ్య కూర్చున్న కుర్చీ ఉండే వైపు. అక్కడ కాగితాల కట్టలు తప్ప ఎవరూ లేరు. వెళ్ళి పెద్దావిడని అడిగి వద్దామని లేచాను కూడా. తలుపు దాకా వెళ్ళాక సిగ్గేసింది. తిరిగొచ్చి కూర్చుంటే తెర నల్లబడిపోయి ఉంది. కదిపితే మళ్ళీ అదే ప్రశ్న. వద్దు నొక్కడానికి ఎంతసేపు పట్టిందో చెప్తే నువ్వు నమ్మవు. నొక్కాక, ఇప్పుడేమవుతుందో అని చూశాను. ఏమీ కాలేదు. తర్వాతి ప్రశ్న వచ్చింది. దానికీ వద్దన్నాను. ఆ తర్వాతిదానికీ. యాప్‌లు ఒక్కొక్కటే వచ్చి నిలబడుతుంటే ఒక్కొక్కదాన్నీ పంపించేశాను. చెంపల మీద కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. పెద్దావిడ వచ్చి చూసి, ఏమీ అడక్కుండా పేజీల కట్ట పక్కన పెట్టి వెళ్ళింది.

అన్నయ్యతో మాట్లాడటం మానకు. ఆయనకి నువ్వు తప్ప ఎవరూ లేరు, నాకు తెలుసు. నా గురించి అడిగితే మాత్రం నువ్వేమీ చెప్పకు. నన్నే అడగమను. ఆయనకి ఏం చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో, నేను చూసుకుంటాను.

వదిన